పెంకుల వెనకాల ముంగిస

"మొహం తిప్పేసుకున్న పిల్ల కోసం ఎన్నాళ్ళు నిలబడాలి మాస్టారూ?" అని అడిగింది నూకరత్నం. అడిగేశాక, గుమ్మంలో అడుగు పెడుతూనే అడగాల్సిన మాట కాదనుకుంది. కానీ వారం రోజులుగా ఆ మాట గొంతులోనే తిరుగుతోంది, చెప్పులు విడిచేలోగా జారిపోయింది.

గవరయ్య మాస్టారు జవాబు చెప్పలేదు. చీపురుపల్లిలో నలభై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపిన మనిషి ఆయన. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు పది మందికి పైనే ఉంటారు. వాళ్ళలో ఏ ఒక్కరూ ఆయన నోట తిన్నగా ఒక జవాబు విన్నామని చెప్పరు. మనిషి మొహం మీద వెలుతురు ఎటునుంచి పడాలి అని అడిగితే, కోడిగుడ్డు ఒకటి చేతిలో పెట్టి, కిటికీ దగ్గర తిప్పి చూసుకోమనేవారు. చెప్పడం ఆయనకు చాతకాదని కొందరంటారు. చెప్పడం ఇష్టం లేదని ఇంకొందరు. పదిహేడో ఏట ఆ స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే పనికి చేరిన నూకరత్నం, ఈనాడు సొంతంగా పెళ్ళిళ్ళకు కెమెరా పట్టుకు వెళుతోందంటే అది ఆ గుడ్డు పుణ్యమే. కాబట్టి ఆయన ఊరుకుంటే ఆమెకు కోపం రాదు. ఆ రోజు మాత్రం కొంచెం వచ్చింది.

"కొత్త కెమెరా తెచ్చావా?" అన్నారు మాస్టారు.

తెచ్చింది. విజయనగరంలో ఒక దుకాణం వాళ్ళు రెండు రోజులు వాడి చూడమని ఇచ్చారు. ఆ కెమెరాలో కొత్త విద్య ఒకటుంది. మనిషిదైనా జంతువుదైనా కన్ను కనబడితే చాలు, తెర మీద ఆకుపచ్చ చదరం ఒకటి ఆ కంటి మీద వాలుతుంది. ఆ ప్రాణి ఎటు పరిగెడితే చదరమూ అటే పరిగెడుతుంది, ఫోకస్ దానంతటదే సరిపోతూ ఉంటుంది. బొత్తాం మీద వేలు సగం నొక్కి ఉంచడం ఒక్కటే మన పని.

"అయితే పెరట్లోకి పద. ఎంత బాగా పట్టుకుంటుందో చూద్దాం."

రత్నం చూసింది ఆయన వంక. ఆయన అప్పటికే తువ్వాలు భుజాన వేసుకుని లేచిపోయారు.

ఆమె కష్టం ఏమిటో ఇక్కడ చెప్పాలి. రత్నం ఈశ్వరరావుని చేసుకుని ఏడాదిన్నర అయింది. అతను కరెంటాఫీసులో లైన్‌మన్. మొదటి భార్య జ్వరం వచ్చి పోయేనాటికి వాళ్ళ పిల్ల మోక్షితకి అయిదు నిండలేదు. ఇప్పుడు ఏడు. ఈ ఏడాదిన్నరలో ఆ పిల్ల రత్నాన్ని అమ్మా అనలేదు, పిన్నీ అనలేదు, ఇదిగో అని కూడా అనలేదు. రత్నం గదిలోకి వస్తే చాలు, వాళ్ళమ్మ చీరలున్న బీరువాకీ గోడకీ మధ్య మూరెడు సందులోకి దూరిపోతుంది. మొదట్లో రత్నం రిబ్బన్లు తెచ్చింది, రంగు పెన్సిళ్ళు తెచ్చింది, బీరువా పక్కన కూచుని గోడకి కథలు చెప్పింది. కొన్నాళ్ళకి పిలిచి ఊరుకోవడం మొదలెట్టింది. ఇంకొన్నాళ్ళకి పిలవడమూ మానేసింది. ఒకసారి, ఒకే ఒక్కసారి, చెయ్యి పట్టుకుని బయటికి లాగబోయింది. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు, కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ రాత్రి రత్నం అన్నం తినలేదు.

"హాస్టల్లో వెయ్యండి వదినా," అంది ఆడపడుచు. "పదిమంది పిల్లగుంటల్లో పడితే అదే మాటాడతాది. నువ్వూ మనిషివే కదా, ఎంతకని చూస్తావు?" చెడ్డ మనసుతో అన్న మాట కాదు. విజయనగరంలో ఉన్న బడి కాగితం కూడా తనే తెచ్చి ఇచ్చింది. ఈశ్వరరావు ఆ కాగితాన్ని రెండు రోజులు తిప్పి తిప్పి చూసి, "నీకెలా తోస్తే అలా" అన్నాడు. మంచివాడే. కాని ఆ ఒక్క మాటతో బరువంతా తెచ్చి ఆమె నెత్తిన పెట్టాడు. రేపు సోమవారం, ఆ కాగితం ఇవ్వడానికి ఆఖరి రోజు. ఆమె ఊఁ అంటే పిల్ల వెళ్ళిపోతుంది. ఆ సందు ఖాళీ అవుతుంది. అది తలుచుకుంటే ప్రాణం తేలికపడుతుందో బరువెక్కుతుందో రత్నానికే తెలియడం లేదు.

మాస్టారి పెరడు పెద్దదేం కాదు. ఒక జామచెట్టు, ఒక కరివేపాకు మొక్క, బట్టలుతికే బండ, గోడ పొడుగునా పాత నాటు పెంకుల దొంతర. ఇంటికి శ్లాబు వేయించినప్పుడు దింపిన పెంకులవి. పారెయ్యడానికి మాస్టారు ఒప్పుకోలేదు, వాడుకోవడానికి చోటు లేదు, పదకొండేళ్ళుగా నడుమెత్తున అలాగే ఉన్నాయి. మాస్టారి భార్య సూరమ్మగారు కత్తిపీటా బూడిదా ముందు పెట్టుకుని బండ దగ్గర చేపలు తోముతున్నారు. ఆవిడ పెంపుడు కోడిపెట్ట ఒకటి పెరడంతా తనదే అన్నట్టు తిరుగుతోంది.

"నా ఫొటో తీస్తావేటమ్మా?" అన్నారు సూరమ్మగారు. "చెయ్యి కడుక్కుని వస్తానుండు. నలభై ఏళ్ళు ఊరందరికీ తీసినారు గాని, ఈయన నన్ను నిలబెట్టి ఒక్కటంటే ఒక్కటి తియ్యలేదు."

"నువ్వెప్పుడు నిలబడ్డావు?" అన్నారు మాస్టారు, ముక్కాలి పీట మీద కూచుంటూ.

రత్నానికి నవ్వొచ్చింది. కెమెరా కంటికి ఆనించింది. జామచెట్టు మీద రెండు ఉడుతలు ఒకదాన్నొకటి తరుముతున్నాయి. ఆకుపచ్చ చదరం ముందు ఉడుత కంటి మీద వాలింది. ఉడుత మొదలు చుట్టూ తిరిగితే చదరమూ తిరిగింది, కొమ్మ చివరికి పరిగెడితే అదీ పరిగెత్తింది. గోడ మీద గోరింక వాలితే దానినీ అలాగే పట్టుకుంది. రెక్క విప్పి ఎగిరేటప్పుడు కూడా వదల్లేదు. తీసినవి తెర మీద చూపిస్తే మాస్టారు తల ఊపారు.

"బాగుంది. కాని ఉడుతలూ గోరింకలూ మనుషుల్లో మసిలినవి. అవి ఎదటే ఉంటాయి. వాటిని పట్టడం పరీక్ష కాదు. ముంగిస వస్తుంది, దాన్ని పట్టు."

"ముంగిసా?"

"ఆదివారం ఆదివారం వచ్చేస్తాది," అన్నారు సూరమ్మగారు. "మాయింట్లో నీసు వండే రోజని దానికెవులు సెప్పినారో. శనివారం నాడు దాని ముఖం కూడా కనబడదు."

ఆవిడ చేపల పొట్టలు రెండు తీసి పెంకుల పక్కన, బయట నేల మీద విసిరారు. విసిరిన చెయ్యి ఇంకా వెనక్కి తీసుకోనే లేదు, గోడ కింది తూములోంచి బూడిదరంగు ముక్కు ఒకటి బయటికొచ్చింది. ఆగింది. గాలి వాసన చూసింది. నేల మీద నీడ జారినట్టు వచ్చి, ఒక ముక్క నోట కరుచుకుంది. రత్నం వేలు నొక్కింది. చదరం ఆ ఎర్రటి కంటి మీద చక్కగా వాలింది. రెండు ఫొటోలు పడ్డాయో లేదో, ముంగిస పెంకుల దొంతర వెనక్కి మాయమైంది. చదరం ఒక్క క్షణం పెంకు మీద తచ్చాడింది. అంతలో కోడి అటుగా వచ్చింది. చదరం గెంతి కోడి కంటి మీద కూచుంది.

రత్నం వేలు తీసి మళ్ళీ గురి చూసుకుంది. ముంగిస మళ్ళీ వచ్చింది, ఇంకో ముక్క పట్టుకుంది, మళ్ళీ వెనక్కి పోయింది. చదరం మళ్ళీ కోడి మీదికి పోయింది. సూరమ్మగారు ఈసారి చేప తల విసిరారు. మూడోసారీ అదే జరిగింది.

"ఇది పనికిరాదు మాస్టారూ," అంది రత్నం కెమెరా దించి. "అనవసరంగా మోసుకొచ్చాను. కాస్త మరుగైతే చాలు, చేతులెత్తేస్తోంది."

"ఏదీ, చూపించు."

చూపించింది. ముంగిస, ముంగిస, పెంకు, కోడి, కోడి, కోడి, కోడి. సూరమ్మగారు చేపల చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూశారు.

"కోడి బాగా పడింది," అన్నారు. "నాకు తియ్యకపోయినా దానికి తీసినావు. దాని అదృష్టం."

మాస్టారు నవ్వలేదు. "పెంకుల వెనక్కి పోయాక నువ్వేం చేశావు?" అని అడిగారు.

"ఏం చేస్తాను? కనబడలేదు కదా. వేలు తీసి, మళ్ళీ పట్టుకున్నాను."

"దేన్ని పట్టుకున్నావు?"

రత్నం ఒక క్షణం తెర వంక చూసింది. "కోడిని," అంది.

"ఇందులో అడ్డం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పుకునే వీలేమీ లేదా?" అన్నారాయన. ఆయనకు ఆ ఇంగ్లీషు అక్షరాలు కంటికి ఆనవు. రత్నమే లోపలి సెట్టింగుల పట్టీలు ఒక్కొక్కటీ తెరిచి చదివింది. ఉంది. పట్టుకున్నది మరుగైతే దాన్ని వదిలి వెంటనే కొత్తదాని మీదికి పోవాలా, లేక దాని కోసం అక్కడే ఆగాలా అని అయిదు మెట్లున్నాయి. ఆమెది మొదటి మెట్టు మీద ఉంది. అన్నిటికంటే బేగి వదిలేసేది అదే.

"ఇలా ఎవరు పెట్టారు?"

"నేనే. నిన్న సాయంత్రం, తీసుకోగానే." ఆమె గొంతు కాస్త తగ్గింది. "పెళ్ళిళ్ళకి అలాగే బాగుంటుంది మాస్టారూ. తలంబ్రాలప్పుడు ఒక మొహం వంగితే ఇంకో మొహం లేస్తుంది. కనబడిన మొహాన్ని కనబడినట్టు పట్టుకోకపోతే, మా పెద్దనాన్న ఫొటో లేదు, మా మేనత్త ఫొటో లేదు అని గొడవ. అందుకని నేనెప్పుడూ అలాగే."

"పెళ్ళికి బాగుంటుంది," అని ఒప్పుకున్నారు మాస్టారు. "ఆ చివరాఖరి మెట్టుకి తిప్పు. తిప్పి, మళ్ళీ అది లోపలికి పోయాక వేలు తియ్యకు."

"అటునుంచి అటే పోతే?"

"పోతే పెంకులకే ఫొటో తీద్దువుగాని. పెంకులేం పారిపోవు."

సూరమ్మగారు ఆఖరి ముక్క విసిరి, చేపల గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు. ముంగిస వచ్చింది. చదరం కంటి మీద వాలింది. ముంగిస ముక్క పట్టుకుని వెనక్కి పోయింది. చదరం, అది చివరగా కనబడిన చోట, పెంకు అంచు మీద నిలబడిపోయింది. రత్నం వేలు తియ్యలేదు.

తీయకుండా ఉండటం ఆమె అనుకున్నంత తేలిక కాలేదు. కోడి వచ్చింది, అడ్డంగా నడిచింది, నిలబడి ఆమె వంకే చూసింది. చదరం వణికింది కానీ పోలేదు. కెమెరాలోంచి కనబడేది ఎర్రటి పెంకులు మాత్రమే. పెంకు మీద పాకుడు ఎండి నల్లగా మారిన మరక, దాని పక్కన ఒక ఖాళీ నత్తగుల్ల, గుల్ల చుట్టూ తిరిగి వెళ్తున్న చీమలు. పదకొండేళ్ళుగా ఈ పెరట్లోకి వస్తూ కూడా ఈ పెంకుల్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. నీడ కదిలినట్టనిపిస్తే వేలు పూర్తిగా నొక్కేది, నాలుగు ఫొటోలు పడేవి, అన్నీ పెంకులే. వంటింట్లో తాలింపు చిటపటలాడి ఆగింది. వేలి కణుపు లాగడం మొదలెట్టింది. మాస్టారు పీట మీద కదలకుండా కూచున్నారు, ఆయన ఊపిరి కూడా వినబడటం లేదు.

అప్పుడు వినబడింది. పెంకుల వెనకనుంచి, సన్నగా, ఎముక కొరుకుతున్న చప్పుడు. ఇందాకటినుంచీ ఆ చప్పుడు ఉండే ఉంటుంది. ఆమె వినలేదు, అంతే.

ఆ చప్పుడు వింటూ ఉంటే ఆమెకు నిన్న పొద్దుటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఫోను ఛార్జరు వెతుక్కుంటూ గదిలోకి వెళ్ళినప్పుడు బీరువా వెనకనుంచి ఏవో మాటలు వినబడ్డాయి. మోక్షిత బొమ్మతో ఆడుకుంటోంది. ఛార్జరు మంచం కింద దొరికింది, తాను బయటికొచ్చేసింది. ఆ మాటలు చెవిన పడ్డాయి గాని మనసు దాకా రాలేదు. ఇప్పుడు వచ్చాయి, ఒక్కొక్కటీ.

"తిను. చల్లారిపోద్ది. నేనటు తిరిగి ఉంటాలే, తిను."

అవి తన మాటలు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, సందు పక్కన కంచం పెట్టి తాను అన్న మాటలు. తాను అనడం మానేసి ఎన్నాళ్ళయిందో లెక్క కూడా లేదు. ఆ పిల్ల మానలేదు. వాటిని లోపలికి పట్టుకుపోయి, తన గొంతులో తాను వాటిని బతికించుకుంటోంది.

రత్నం కళ్ళు మసకబారాయి. తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి. తియ్యలేదు.

దొంతర చివర, ఆమె చూస్తున్న చోటికి బెత్తెడు పక్కగా, ముక్కు ఒకటి బయటికి వచ్చింది. వచ్చినంత వేగంగానే వెనక్కి పోయింది. ఆమె కదల్లేదు. మళ్ళీ వచ్చింది. ఈసారి ముక్కు తర్వాత మీసాలు, మీసాల తర్వాత ఎర్రటి కన్ను. పెంకు అంచు మీదున్న చదరం మెల్లగా జరిగి ఆ కంటి మీదికి చేరింది. ముంగిస నిలబడి తిన్నగా ఆమెనే చూసింది. ఎంతసేపు? ఒక ఊపిరి అంతసేపు. ఆమె పూర్తిగా నొక్కింది. ముంగిస మూతి నాక్కుని, తీరిగ్గా నేల దాటి, తూములోకి దిగిపోయింది.

"పడిందా?" అన్నారు మాస్టారు.

"పడింది," అంది ఆమె. కాని ఫొటో తెరిచి చూడలేదు. కెమెరా ఒళ్ళో పెట్టుకుని, ఫోను తీసి ఇంటికి చేసింది.

"ఏవండీ, పిల్ల ఏం చేస్తోంది?"

"ఎక్కడుంటుంది," అన్నాడు ఈశ్వరరావు అటునుంచి. "బీరువా వెనకాలే. పిలుస్తున్నాను, రావటం లేదు. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టేసి ఉంచనా? రేపు పొద్దుటే డ్యూటీకి పోవాలి."

"పెట్టకండి."

"అంటే?"

"హాస్టలు వద్దు. మీ చెల్లెలికి నేను చెప్తాను. దాన్ని పిలవకండి, అక్కడే ఉండనివ్వండి. అన్నం వేళకి నేను వచ్చేస్తాను."

"ఏమైనా జరిగిందా?" అన్నాడు.

"ఏం జరగలేదు," అంది రత్నం. అలా అన్నాక, "దానికి వినబడేలా ఒక్క మాట చెప్పండి. నేను వస్తున్నానని చెప్పండి. ఇంకేం అనకండి," అంది.

ఫోను పెట్టేసింది. లోపలినుంచి పులుసు మరుగుతున్న వాసన వస్తోంది. ఉండి తిని వెళ్ళమని సూరమ్మగారు కేకేశారు. పిల్ల ఎదురు చూస్తుందని రత్నం అంది. ఎదురు చూస్తుందో లేదో తెలియదు. అయినా అలాగే అంది. అయితే గిన్నెలో పోసి ఇస్తానుండమని, ముల్లు లేని ముక్కలు ఏరతానని ఆవిడ లోపల గిన్నెలు కదిపారు.

ఆవిడ వచ్చేలోగా రత్నం కెమెరా తెరిచి, తీసినవి వరసగా చూసుకుంటూ వచ్చింది. చివరి ఫొటోలో ముంగిస కంటిలో జామచెట్టు కూడా కనబడుతోంది. దాని ముందు నూట ముప్ఫై దాకా పెంకులే. పెంకులు, నత్తగుల్ల, పెంకులు. ఫొటోలు తీసిన చోటునుంచి లేచేముందు మెమరీ కార్డులోని పనికిరానివి తీసేసుకోవడం ఆమెకు మాస్టారి దగ్గర అబ్బిన అలవాటే. ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకుంటూ చెరిపే బొత్తాం మీద వేలు వేసింది.

"అవి చెరుపుతున్నావేం?" అన్నారు మాస్టారు.

"వీటిల్లో ఏముంది మాస్టారూ? ఉత్త పెంకులు."

మాస్టారు పీట మీదనుంచి లేచి, మోకాలు సర్దుకుని, తువ్వాలు దులుపుకున్నారు.

"ఉత్త పెంకులేటమ్మా," అన్నారు. "వెనకాల అది తింటూనే ఉంది కదా."